రంగూన్ రైలు: మీటరు పట్టా కథ

మయన్మార్‌లో (పాత పేరు బర్మా) రైలెక్కి వచ్చినవాళ్ళెవరైనా ముందుగా చెప్పేది కుదుపుల సంగతే. యాంగోన్ (పాత రంగూన్) నుంచి మాండలే వెళ్ళే బండిలో నిద్రపోతున్న మనిషి బెర్తు మీద నుంచి లేచి మళ్ళీ పడతాడు. పక్కలకు ఊగడం మనకూ అలవాటే; అక్కడి పెట్టె పైకీ కిందికీ ఎగురుతుంది. చేతిలో టీ గ్లాసు ఉంటే అది ఎవరి ఒళ్ళో పడుతుందో చెప్పలేం. కొత్తవాళ్ళు ఇంజన్ని తిడతారు, డ్రైవర్ని తిడతారు. పాపం, వాళ్ళ తప్పేం లేదు. లోపం పట్టా కింద ఉంది.

రైలు పెట్టె స్ప్రింగుల మీద కూర్చుని ఉంటుంది. స్ప్రింగు మీదున్న ఏ బరువుకైనా తనదైన ఊపు ఒకటుంటుంది. ప్రయాణికుల పెట్టెకు అది ఇంచుమించు సెకనుకు ఒకసారి. పట్టాను పన్నెండేసి మీటర్ల ముక్కలుగా తెచ్చి ఫిష్‌ప్లేట్లతో బిగించారనుకోండి. కాలం గడిచేకొద్దీ ప్రతి అతుకు దగ్గరా కొంచెం పల్లం పడుతుంది. గంటకు 43 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే బండి సెకనుకు పన్నెండు మీటర్లు దాటుతుంది. అంటే సెకనుకో పల్లం. పెట్టె ఊపూ పల్లాల వరసా ఒకే తాళంలో పడ్డాయంటే, ఒక్కో పల్లం వెనకటి ఊపుకు ఇంకాస్త జోడిస్తుంది. వేగం పెంచినా తాళం తప్పుతుంది, తగ్గించినా తప్పుతుంది. అలాంటి పట్టా మీద పెంచే ధైర్యం ఎవరికుంటుంది? తగ్గిస్తారు.

అతుకు దగ్గరే పల్లం ఎందుకు పడుతుందో తెలియాలంటే, కింది నేలను చూడాలి. యాంగోన్‌లో ఏడాదికి సుమారు 2,700 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. విశాఖలో పడేదానికి రెండింతలకు మించి. అదీ దాదాపు అంతా మే, అక్టోబరు నెలల మధ్యే. నేలంతా నదులు తెచ్చి పోసిన బంకమన్ను. కంకర కింద నీరు నిలిచిందంటే చక్రం బరువు పడ్డప్పుడల్లా స్లీపరు కిందికి దిగుతుంది, చక్రం దాటగానే పైకి లేస్తుంది. ఆ ఒత్తిడికి బురద కంకర సందుల్లోంచి పైకి ఎగజిమ్ముతుంది. రాళ్ళ మధ్య బురద చేరాక కంకర కంకరలా పనిచేయదు. నీరు పోవడానికి దారి ఉండదు, రాయికి రాయి పట్టు దొరకదు. పట్టా తెగి ఉండేది అతుకు దగ్గరే గనక చక్రం దెబ్బ అక్కడే గట్టిగా తగులుతుంది, బురదా అక్కడే ముందు పుడుతుంది.

ఈ బురదను అదుపులో పెట్టడమే బర్మా రైలు నూట యాభై ఏళ్ళ చరిత్రలో సగం. ఆ సగం చరిత్ర తవ్వితే మన కళింగపట్నం, భీమునిపట్నం, కాకినాడ రేవుల పేర్లు బయటపడతాయి.

ముందు పట్టా వెడల్పు, అంటే రెండు పట్టాల మధ్య దూరం, సంగతి. ఇండియాలో మొదటి రైళ్ళకు 1,676 మిల్లీమీటర్ల వెడల్పు పెట్టారు. దానికి ఖర్చెక్కువ. 1870 ప్రాంతంలో వైస్రాయిగా ఉన్న లార్డ్ మేయో, రాబడి తక్కువుండే చోట సన్న పట్టా వేస్తే చాలన్నాడు. ఎంత సన్నం అన్నదాని మీద ఇంజనీర్లు కొట్టుకున్నంత పని చేశారు. చివరికి మూడడుగుల మూడంగుళాల దగ్గర రాజీ కుదిరింది. అదే సమయంలో దేశంలో మెట్రిక్ కొలతలు తెద్దామన్న ఆలోచన నడుస్తోంది కాబట్టి, ఆ లెక్కను కాస్త జరిపి సరిగ్గా ఒక మీటరు చేశారు. మెట్రిక్ కొలతలు మాత్రం అప్పుడు రాలేదు. మన అంగళ్ళలోకి కిలోలు, మీటర్లు 1958 తరవాత గానీ దిగలేదు. పట్టా మాత్రం ఎనభై ఏళ్ళకు పైగా ముందే మీటరు కొలతలో పడుకుని ఉంది. పట్టా సన్నబడితే కట్ట సన్నబడుతుంది, వంతెన తేలికవుతుంది, మలుపు బిగించి తిప్పొచ్చు. లండన్ ఖజానాకు అది నచ్చింది. ఆ పొదుపు భారం తరవాత ఎవరి నడుము మీద పడిందన్నది వేరే లెక్క.

బర్మాలో మొదటి లైను రంగూన్ నుంచి ప్రోమ్ దాకా 259 కిలోమీటర్లు. ఇరావతి లోయ ప్రభుత్వ రైల్వే అని పేరు. 1877 మే 1న తెరిచారు. ప్రోమ్ దాకా రైలు, అక్కడి నుంచి మాండలేకు స్టీమరు. ఈ లైను కట్ట పోసినవాళ్ళలో 1873-74 కరువుకు బెంగాల్ విడిచి వచ్చిన కూలీలున్నారు. కరువు పని అన్నమాట: ఆకలిగా ఉన్నవాణ్ణి సముద్రం దాటించి తట్ట చేతికిచ్చారు.

మట్టి పని ఎలా కొలుస్తారో తెలుసా? వరి పొలాల మధ్య కట్ట ఎత్తాలంటే మట్టి ఆ పక్కనే తవ్వాలి. గుంట మధ్యలో అక్కడక్కడ తవ్వకుండా ఒక దిమ్మ వదులుతారు. పని ముగిశాక దిమ్మ ఎత్తు చూసి ఎన్ని ఘనపుటడుగులు తీశారో లెక్కకట్టి డబ్బులిస్తారు. రాత్రికి రాత్రి దిమ్మ నెత్తిన నాలుగు తట్టల మట్టి పెట్టి లోతు పెంచి చూపే తెలివి కూలీల దగ్గరుండేది. దాన్ని పట్టుకునే తెలివి ఓవర్సీరు దగ్గరుండేది. మద్రాసు రాష్ట్రంలో రైలు కట్టలు పోసిన మన ఒడ్డెరలకు ఈ ఆట కొట్టిన పిండి. చెరువులు తవ్విన చేతులే కదా అవి.

తరవాతి లైన్లు త్వరత్వరగా వచ్చాయి. సిట్టాంగ్ లోయ వెంట రంగూన్ నుంచి టౌంగూ దాకా ఒకటి. 1885 యుద్ధంలో బ్రిటిష్‌వాళ్ళు థీబా రాజును దింపి పై బర్మాను కలుపుకున్నారు. ఆ వెంటనే టౌంగూ లైనును పొడిగించి 1889లో మాండలే చేర్చారు. సైన్యానికి దారి, బియ్యానికి దారి, టేకుకు దారి, అన్నీ ఒకే పట్టా మీద. 1898కి ఉత్తరాన మిచ్చినా, 1907కి తూర్పున మర్తబాన్ చేరాయి. మొత్తం లైన్లను 1896లో బర్మా రైల్వే కంపెనీ కిందికి తెచ్చారు. రంగూన్ పక్కన ఇన్సేన్‌లో పెద్ద వర్క్‌షాపు పెట్టారు. ఇన్సేన్ అనగానే ఇప్పుడందరికీ జైలు గుర్తొస్తుంది గానీ, ఆ ఊరికి వర్క్‌షాపు కూత కూడా అంతే పాతది.

స్లీపర్లకు బర్మాలో వాడిన చెక్క ప్యింకాడో. మన కొండతంగేడు జాతిదే. పచ్చి దుంగ నీళ్ళలో వేస్తే మునిగిపోతుంది, అంత బరువు. టేకులాగా నదిలో తేలేసి తీసుకురావడం కుదరదు. చెద పట్టదు, వానకు లొంగదు. మేకు దిగ్గొట్టాలంటే ముందు రంధ్రం తొలవాల్సిందే.

పట్టా వేయడం ఒకసారి జరిగే పని. దాన్ని నిలబెట్టడం రోజూ జరిగే పని. ఒక గ్యాంగు పనిని దగ్గరగా చూద్దాం. గ్యాంగు పెద్ద అయిన మేటు పట్టా మీద చెంప ఆనించినంతగా వంగి, ఒక కన్ను మూసి దూరానికి చూస్తాడు. ముప్పై అడుగుల అవతల కొద్దిపాటి పల్లమున్నా ఆ కంటికి దొరుకుతుంది. చేయి ఊపగానే ఇద్దరు గునపాలతో పట్టా ఎత్తుతారు. మిగతావాళ్ళు స్లీపరు పక్కనున్న కంకర లాగేసి, బురద పట్టిన రాళ్ళు పారేసి, బీటర్లు పట్టుకుంటారు. ఒక చివర మొన, ఒక చివర మొద్దు సుత్తిలా ఉండే పలుగు అది. స్లీపరుకు ఇటు ఇద్దరు, అటు ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, రాయిని స్లీపరు కిందికి ఏటవాలుగా దిగ్గొడతారు. నాలుగు బీటర్లూ ఒకే లెక్కలో పడాలి. ఒకడు ముందు కొడితే రాయి అవతలికి జారిపోతుంది. అందుకే గ్యాంగు పనికి పదం కావాలి, ఆ పదానికి ఒక గొంతు ముందు నడవాలి.

ఇందులో ఒక కిటుకుంది. పట్టా ఆనే చోట రెండు పక్కలా గట్టిగా కొట్టాలి గానీ, స్లీపరు నట్టనడుమ కొట్టకూడదు. నడుమ గట్టిపడి కొసలు వదులైతే, బండి వెళ్ళేటప్పుడు స్లీపరు నడుం మీద ఊగుతుంది, కొన్నాళ్ళకు అక్కడే చిట్లుతుంది. పుస్తకాల్లో ఈ సూత్రం రెండు వాక్యాలు. గ్యాంగులో అది చేతికి పట్టుబడ్డ విద్య.

ఎండ లెక్క ఇంకొకటి. పన్నెండు మీటర్ల ఉక్కు పట్టా, తెల్లవారుజామున ఉన్నదానికంటే మధ్యాహ్నం ముప్పై డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే నాలుగు మిల్లీమీటర్లకు పైగా సాగుతుంది. అతుకు దగ్గర ఆ మేరకు ఖాళీ లేకపోతే పట్టా పాములా మెలితిరుగుతుంది. ఖాళీ ఎక్కువైతే చక్రం దెబ్బ పెరుగుతుంది. కీమాన్ రోజూ తన హద్దంతా నడిచి, వదులైన బిగింపులు బిగిస్తూ, అతుకుల ఖాళీలు కంటితో కొలుస్తూ పోతాడు. వాన కురుస్తున్నా నడవాల్సిందే. వానాకాలంలోనే కదా ఎక్కువగా నడవాలి.

ఇప్పుడు ఆ నడిచినవాళ్ళ సంగతి. 1931 జనగణన నాటికి బర్మాలో పది లక్షలకు పైగా భారతీయులుండేవారు. నాలుగు లక్షల రంగూన్ జనాభాలో సగానికి మించి వాళ్ళే. శరీర కష్టం మీద నడిచే పనుల్లో తెలుగువాళ్ళది పెద్ద వాటా: రేవు, బియ్యపు మిల్లులు, రిక్షాలు, పారిశుద్ధ్యం, రోడ్డు పని, రైలు పని. గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుంచి, ముందు చెప్పిన రేవుల్లో ఓడెక్కి వెళ్ళేవారు. కోరంగి రేవు పేరు మీద బర్మాలో వీళ్ళందరినీ కోరంగీలు అన్నారు. కోరంగి రేవు తుఫాన్లకు దెబ్బతిని, ఇసుక మేటలు వేసి ఎప్పుడో వెనకబడినా ఆ పేరు రంగూన్ వీధుల్లో నిలిచింది. ఉత్తరాంధ్ర పల్లెల్లో మాత్రం రంగూన్‌ని రంగం అనేవారు. ‘వాడు రంగం పోయాడు’ అంటే అప్పు తీర్చడానికి పోయాడని అర్థం.

అప్పు తీర్చడానికి పోయేవాడు ముందుగా చేసేది ఇంకో అప్పు. మేస్త్రీ ఊళ్ళోకి వచ్చి అడ్వాన్సు ఇస్తాడు, ఓడ టికెట్టు తానే కొంటాడు. బ్రిటిష్ ఇండియా కంపెనీ స్టీమరు డెక్కు మీద బంగాళాఖాతం దాటించి, రంగూన్‌లో ఒక గదిలో పదుల మందితో పాటు పడేస్తాడు. పని చూపించేదీ తనే, కూలి అందుకునేదీ తనే, అప్పు కింద కోత కోసి మిగిలింది చేతిలో పెట్టేదీ తనే. మేస్త్రీ పైన పెద్ద మేస్త్రీ, ఆ పైన కంట్రాక్టరు, అందరి పైన కంపెనీ. ప్రతి మెట్టు దగ్గరా కొంత రాలుతుంది. అడుగుకు చేరేసరికి రూపాయి రూపాయిగా ఉండదు. 1931లో నివేదిక ఇచ్చిన రాయల్ కమిషన్ ఆన్ లేబర్ ఈ మేస్త్రీల పద్ధతిని తప్పుపట్టింది. కంపెనీలకు మాత్రం అది హాయి. కూలీ ఎవరో తెలియనక్కర్లేదు, పేరు రాసుకోనక్కర్లేదు. మేస్త్రీకి తలల లెక్క చెబితే చాలు. రంగూన్‌ని కట్టిన తెలుగువాళ్ళ పేర్లు మనకు దొరకకపోవడానికి అసలు కారణం వాళ్ళ నిరక్షరాస్యత అని కొందరు రాస్తారు. నేనొప్పుకోను. పేర్లు అక్కర్లేని లెక్కల పద్ధతి అది.

ఇంకొకరి పొట్ట కొట్టి బతికే ఉద్దేశం వీళ్ళకెవరికీ లేదు. అయినా ఆ నింద పడింది. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. సరుకు దించే కంపెనీలు వాళ్ళ బదులు బర్మీయుల్ని తెచ్చాయి. సమ్మె ముగిసి పాత కూలీలు తిరిగి రాగానే కొత్తవాళ్ళను పొమ్మన్నాయి. మే 26న మొదలైన అల్లర్లలో వందకు పైగా చనిపోయారు, ఎక్కువమంది తెలుగువాళ్ళు. పేదను పేద మీదికి తోలిన కంపెనీల మీద ఈగ కూడా వాలలేదు.

కొండ రైళ్ళ కథ టూకీగా చెప్పుకోవచ్చు. మాండలే నుంచి లాషో వెళ్ళే దారిలో గోటేక్ లోయ మీద ఉక్కు వంతెన 1900లో పూర్తయింది. పొడవు 689 మీటర్లు, ఎత్తు 102 మీటర్లు. ఉక్కంతా అమెరికాలో, పెన్సిల్వేనియా స్టీల్ కంపెనీలో చేసి ఓడలో తెచ్చారు. అదే లైన్లో 25 అడుగులు నడిస్తే ఒక అడుగు ఎక్కే వాలు ఉంది. బండి ముందుకు ఒకసారి, వెనక్కు ఒకసారి జిగ్‌జాగ్‌గా కొండెక్కుతుంది. అంత వాలుకు మామూలు ఇంజను చాలక 1920ల్లో గారట్ ఇంజన్లు తెచ్చారు. ఒక బాయిలరు, దాని ముందొక చక్రాల బండి, వెనకొక చక్రాల బండి. బలం రెట్టింపు, కానీ బరువు ఎక్కువ చక్రాలకు పంచుకుపోతుంది కాబట్టి సన్న పట్టా తట్టుకుంటుంది. సన్న పట్టాకు పుట్టిన మంచి ఆలోచనల్లో గారట్ ఒకటి.

1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. రేవు కూలీలూ రైలు కూలీలూ ఊరు విడిచారు. మార్చిలో నగరం జపాన్ చేతికి చిక్కేలోగా లక్షలమంది భారతీయులు దారి పట్టారు. రంగూన్ వాళ్ళకు దగ్గరి దారి ప్రోమ్ మీదుగానే. రైలు దొరికిన కొందరు రైల్లో, మిగతావాళ్ళు నడిచి ప్రోమ్ చేరారు. అక్కడ కలరా. దాన్ని దాటినవాళ్ళు ఇరావతి దాటి, టౌంగప్ కనుమ ఎక్కి, అరకాన్ తీరం మీదుగా చిట్టగాంగ్ వైపు వెళ్ళారు. కరువు కూలీలు కట్టిన తొలి లైను అరవై అయిదేళ్ళకు కూలీలు పారిపోయే దారి అయింది.

జపాన్ సైన్యం బర్మాలో సుమారు 480 కిలోమీటర్ల పట్టా పీకేసింది. థాయ్‌లాండ్ నుంచి బర్మాలోని తన్‌బ్యుజాయత్ దాకా 415 కిలోమీటర్ల కొత్త లైను వేసింది. 1942లో మొదలుపెట్టి 1943 అక్టోబరు 17కి రెండు కొసలూ కలిపారు. సుమారు 60 వేల మంది యుద్ధఖైదీలు, రెండు లక్షలకు మించి ఆసియా కూలీలు పనిచేశారు. ఖైదీల్లో పన్నెండు వేలమందికి పైగా, కూలీల్లో సుమారు తొంభై వేలమంది చనిపోయారని అంచనా. ఆ కూలీల్లో మలయా రబ్బరు తోటల నుంచి లాక్కొచ్చిన తమిళులు, తెలుగువాళ్ళు ఉన్నారు. తన్‌బ్యుజాయత్ యుద్ధ శ్మశానంలో మూడు వేల ఏడు వందలకు పైగా సమాధులు వరసగా, పచ్చికతో, శుభ్రంగా ఉంటాయి. అవి మిత్రరాజ్యాల సైనికులవి. కూలీలకు అలాంటి శ్మశానం లేదు.

ఆ లైను మీద నడపడానికి జపాన్ తన సి-56 ఆవిరి ఇంజన్లు తొంభై తెచ్చింది. జపాన్ పట్టా 1,067 మిల్లీమీటర్లు, బర్మాది 1,000. చక్రాల మధ్య దూరం నాలుగు వేళ్ళంత తగ్గించి మీటరుకు దించారు. తమాషా ఏమిటంటే యాభై అరవై ఏళ్ళ తరవాత అదే పని మళ్ళీ జరిగింది. జపాన్‌లో పాతబడ్డ డీజిలు రైలుపెట్టెలు మయన్మార్ తెచ్చుకుంది. అదే 67 మిల్లీమీటర్లు తగ్గించుకుని, పక్కన జపనీస్ అక్షరాలు అలాగే ఉండగా అవి యాంగోన్ చుట్టూ తిరిగాయి.

యుద్ధంలో కూలిన రంగూన్ స్టేషన్‌ను ఇంజనీరు ఊ హ్లా జా బర్మీయ ఆలయ శిఖరాల పద్ధతిలో మళ్ళీ కట్టి 1954లో తెరిపించారు. నగరం చుట్టూ తిరిగే వలయ రైలు సుమారు 46 కిలోమీటర్లు. దన్యింగోన్ స్టేషన్ దగ్గర కూరల మార్కెట్టు ప్లాట్‌ఫారాన్ని ఆనుకునే ఉంటుంది. బండి ఆగీ ఆగకముందే ఆడవాళ్ళు కిటికీల్లోంచి ఆకుకూరల మూటలు లోపలికి తోసేస్తారు. జపాన్ రుణంతో ఈ వలయంలో పట్టా, కంకర, సిగ్నళ్ళు మార్చాక మూడు గంటలు పట్టే చుట్టుకు సమయం బాగా తగ్గింది. అంటే ఏం చేశారు? పాత మట్టి తీసి, నీరు పోయే దారి చూపి, కొత్త కంకర వేశారు. గ్యాంగులు నూరేళ్ళుగా చేతులతో చేసిందే, యంత్రాలతో.

కార్మికుల కథ అంత బాగుపడలేదు. 1974లో ఇన్సేన్ రైలు వర్క్‌షాపు కార్మికులు సమ్మెకు దిగితే సైన్యం తుపాకులు తెచ్చింది. 1990ల్లో యే అనే ఊరి నుంచి దవై దాకా సుమారు 160 కిలోమీటర్ల లైను వేయడానికి పల్లె జనాన్ని ఇంటికొకరు చొప్పున వెట్టికి పట్టారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ విచారణ సంఘం 1998లో దాన్ని నమోదు చేసింది. వెట్టిచాకిరీ నిషేధ ఒప్పందం మీద బర్మా 1955లోనే సంతకం పెట్టి ఉంది. 2021 ఫిబ్రవరి సైనిక కుట్ర తరవాత రైలు ఉద్యోగులు పని మానేశారు. మార్చిలో యాంగోన్ మహ్ల్వాగోన్ రైల్వే క్వార్టర్లను సైన్యం చుట్టుముట్టి కుటుంబాలను ఖాళీ చేయించింది. 2025 మార్చి 28 భూకంపంలో మాండలే దగ్గరి ఇన్వా రైలు వంతెన కూలింది, చాలాచోట్ల పట్టా పక్కకు వంగింది. మాండలే లైను సగాయింగ్ పగులు వెంటే పోతుంది మరి. వంగిన పట్టాను సరిచేసే పని మళ్ళీ గునపాల గ్యాంగులదే.

బర్మా నుంచి తిరిగొచ్చినవాళ్ళు స్థిరపడ్డ విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు అనే పేట ఉంది. యాంగోన్, బాగో, మౌలమైన్ వైపు తెలుగు కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ, కాకినాడ జిల్లాల్లో మీ ఇంట్లో ఎవరైనా రంగం వెళ్ళొచ్చినవాళ్ళుంటే, వాళ్ళ ఉత్తరాలు, మనియార్డరు రసీదులు, ఓడ టికెట్లు, ఫొటోలు అటక మీద ఉంటే పారేయకండి. వెనకవైపు పేరు, ఊరు, చేసిన పని పెన్సిలుతో రాయండి. దగ్గర్లోని విశ్వవిద్యాలయం చరిత్ర శాఖకో, జిల్లా గ్రంథాలయానికో ఒక నకలు ఇవ్వండి.